బోర్డు సంగతి తర్వాత, ముందు బోరు పూడ్చండి

నాకు దేవరకొండ దగ్గర వెల్డింగ్ షాపు ఉంది. చుట్టుపక్కల ఏ ఊళ్లో యువజన సంఘం పెట్టినా కుర్రాళ్లు మొదట నా దగ్గరికే వస్తారు, ఇనుప బోర్డు చేయించుకోవడానికి. పదిహేనేళ్లుగా చేస్తూనే ఉన్నాను. వాటిలో ఒకటి ఇప్పుడు మా పెద్దమ్మ వాళ్ల కోళ్లగూటికి తలుపు. అది నేను అధ్యక్షుడిగా ఉన్న సంఘం బోర్డే.

మొన్న కొలతలు ఇవ్వడానికి వచ్చిన ఇద్దరు పిల్లలు "అన్నా, బోర్డు సరే, ఏం పని చేస్తే బాగుంటది?" అని అడిగారు. అలా అడిగినవాళ్లు వాళ్లే మొదలు. వాళ్లకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ఏ పని అనుకున్నా ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఫోటో దిగిన మర్నాడు దీన్ని ఎవరు చూస్తారు? "చూసేదేం లేదు, పని అయిపోయింది" అనో, "ఫలానా ఆమె చూస్తుంది" అనో జవాబు వస్తే దిగండి. "అందరం చూసుకుంటాం" అన్నారంటే ఎవరూ చూడరు.

మేం పెట్టిన చలివేంద్రం అలాగే పోయింది. ఉగాది నాడు బస్టాండులో రిబ్బన్ కట్ చేశాం, ఆరు రంజన్లు, కొత్త స్టీలు గ్లాసులు. పదో రోజుకి రంజన్లలో నీళ్లు లేవు, గ్లాసులు రెండే మిగిలాయి. మరుసటి ఏడాది బుద్ధి వచ్చి, బస్టాండులో మిషన్ కుట్టే ఒకామెతో ముందే మాట్లాడుకున్నాం. పొద్దున పూట ఇద్దరం నీళ్లు నింపి పోతే, పగలంతా ఆమె కనిపెట్టుకుని ఉండేది. నెలకు కొంత చేతిలో పెట్టాం. డబ్బిస్తే సేవ ఎట్లయితది అని మాలో ఒకడు గొడవపడ్డాడు. నీళ్లు తాగినవాళ్లెవరూ ఆ మాట అనలేదు. కుండల కింద ఇసుక పోసి, చుట్టూ తడి గోనె చుట్టండి. ముంచడానికి పొడుగు కాడ ఉన్న గరిటె పెట్టండి. లేకపోతే ప్రతివాడూ చెయ్యి ముంచుతాడు.

ఇక నా మనసులో ఉన్న అసలు పని, ఎండిపోయిన బోర్లు. మా వైపు రాయి నేల. రైతు మూడు బోర్లు వేస్తే ఒకటి పడుతుంది, అదీ రెండేళ్లకు వట్టిపోతుంది. ఫెయిలైన బోరులోంచి కేసింగ్ పైపు (పై మట్టి విరిగి పడకుండా దించేది) గుంజుకుంటారు, తర్వాతి బోరుకు పనికొస్తుందని. తప్పు పట్టలేం, ఆ పైపులూ అప్పు పైసలతో కొన్నవే. కానీ కేసింగ్ తీశాక పై మట్టి విరిగి లోపలికి జారుతుంది, రంధ్రం మూతి గరాటులా వెడల్పవుతుంది. పత్తి మోకాలెత్తు పెరిగాక అది కనపడదు. పత్తి ఏరే రోజుల్లో తల్లుల వెంట చిన్నపిల్లలు కూడా చేన్లకు వస్తారు. మీద ఒక బండ పెట్టి పోతారు చాలామంది. ఆ బండ వానకు పక్కకు జరుగుతుంది, లేదా దున్నేటప్పుడు ట్రాక్టరతను తీసి గట్టు మీద వేస్తాడు.

మొదటి వారం పలుగూ పారా ముట్టుకోవద్దు. నోటుబుక్కు పట్టుకుని ఇద్దరిద్దరుగా ఊరి పొలాలన్నీ తిరగండి. ఎవరి పొలం, ఎన్ని అడుగులు వేశారు, కేసింగ్ ఉందా తీశారా, మూత ఉందా, రాసుకోండి. పశువులు మేపేవాళ్లను అడగండి, పట్టా పాస్‌బుక్కులో లేనివి కూడా వాళ్లకు తెలుసు. మా ఊరి లెక్క పది పన్నెండు ఉంటాయనుకున్నాం, ముప్పై నాలుగు తేలాయి. ఆ పట్టికతో గ్రామ పంచాయతీకి ఒక కాగితం ఇవ్వండి. 2010లో సుప్రీంకోర్టు వదిలేసిన బోర్ల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. అడుగు నుంచి నేలమట్టం దాకా మట్టి, ఇసుక, రాళ్లు, డ్రిల్లింగ్ పొడి లాంటి వాటితో నింపాలని అందులో ఉంది. పల్లెల్లో ఇది చూసుకోవాల్సింది సర్పంచ్, వ్యవసాయ శాఖ అధికారి. ఆ మాట గట్టిగా కాకుండా మెత్తగా చెప్పండి, ట్రాక్టర్ డీజిల్ అక్కడే దొరకొచ్చు.

తర్వాత రైతు ఒప్పుకోవాలి. ఇది అన్నిటికంటే కష్టం. ఒక తాత మమ్మల్ని రెండుసార్లు తిప్పి పంపాడు. మూడోసారి వెళ్తే బోరు పక్కన కూర్చుని, "నాలుగొందల అడుగులు వేయించిన బిడ్డా. వానలు మంచిగ పడితే ఊరదా అని ఇంకా చూస్తున్న" అన్నాడు. అలాంటి చోట పూడ్చమని పట్టుబట్టకండి. కేసింగ్ ఉంటే గట్టి మూత బిగించి రండి, చాలు.

పూడ్చే పద్ధతి. ముందు తాడుకు రాయి కట్టి దించి లోతు చూడండి. మూతి దగ్గర నేల గుల్లగా ఉంటుంది, అంచున నిలబడొద్దు. రంధ్రానికి అటూ ఇటూ గట్టి నేల మీద ఆనేలా రెండు పొడుగు చెక్కలు వేసి, వాటి మీద నుంచే పని చేయండి. చూడ్డానికి వచ్చిన పిల్లల్ని దూరంగా ఉంచడానికి ఒక మనిషిని ప్రత్యేకంగా పెట్టండి. బోరు పక్కనే డ్రిల్లింగ్‌లో వచ్చిన రాతిపొడి కుప్ప ఉంటే ముందు అదే వాడండి. చాలకపోతే మొరం, ఇసుక. మూడొందల అడుగుల లోతు, ఆరున్నర అంగుళాల రంధ్రం నిండడానికి సుమారు డెబ్బై ఘనపుటడుగుల మట్టి పడుతుంది. మామూలు ట్రాక్టర్ ట్రాలీ ఒక్క ట్రిప్పు సరిపోతుంది.

మేం మొదటి బోరులో తొందరపడి తట్టలకు తట్టలు గుమ్మరించాం. పావుగంటలో నిండింది! చప్పట్లు కూడా కొట్టుకున్నాం. మట్టి తెచ్చిన డ్రైవర్ ట్రాలీ వైపు చూసి, "ఇంకా సగం ట్రాలీ నా దగ్గరే ఉంది, మీ బోరు ఎట్ల నిండింది?" అన్నాడు. మధ్యలో ఒక పెద్ద రాయి అడ్డం పడి, దాని మీద మట్టి నిలిచింది. కింద అంతా ఖాళీ. గడ్డపార తాడుకు కట్టి దించి కొడితే, చాలాసేపటికి గుభేలున జారింది. అలా జారే బోరు తెరిచిన బోరు కన్నా ప్రమాదం, పైకి నేలలాగే ఉంటుంది. అందుకని గుప్పెట్లో పట్టేదానికన్నా పెద్ద రాయి వేయొద్దు. ఒక్కో పార మట్టే జారవిడవండి. పది తట్టలకొకసారి తాడు దించి, లోతు ఎంత తగ్గిందో చూసి, నోటుబుక్కులో రాయండి. చెత్త, ప్లాస్టిక్, చచ్చిన కోళ్లు అస్సలు వేయొద్దు. పక్క పొలం బోరులోంచి తాగేది ఆ నీళ్లే. పై రెండు మూడడుగులు బంకమట్టి వేసి దిమ్మిసతో కొట్టి, నేల కన్నా కొంచెం ఎత్తుగా కుప్ప పెట్టండి. రెండు పెద్ద వానలు పడ్డాక మళ్లీ వెళ్లి చూడండి. కచ్చితంగా కుంగి ఉంటుంది, ఇంకో నాలుగు తట్టలు పడతాయి. ఈ రెండో రాకడే చాలా సంఘాలు మర్చిపోతాయి.

రక్తదానం గురించి కూడా అడిగారు. మంచిదే, కానీ అందరూ ఒకే రోజు ఇవ్వకండి. ఒకసారి ఒక నాయకుడి పుట్టినరోజుకు మా వాళ్లు అరవై మంది ఒకేసారి ఇచ్చారు. యాభయ్యో రోజున మా వీధి అమ్మాయికి కాన్పు కష్టమై రక్తం కావాల్సి వచ్చింది. మగవాళ్లు ఒకసారి ఇస్తే మళ్లీ మూడు నెలలు, ఆడవాళ్లు నాలుగు నెలలు ఆగాలి. ఇచ్చిన రక్తమేమో ముప్పై అయిదు రోజులు, మహా అయితే నలభై రెండు రోజులు నిలవ ఉంటుంది. అంటే ఆ రోజు ఊళ్లో ఇచ్చే మనిషి లేడు, ఇచ్చిన రక్తమూ లేదు. పక్క ఊరివాళ్లు వచ్చి ఆదుకున్నారు. అప్పటి నుంచి గ్రూపుల వారీగా పేర్లు రాసి, నాలుగు జట్లు చేశాం. నెలకొక జట్టు. కాలేజీలకు సెలవులుండే ఏప్రిల్, మే నెలల్లో బ్లడ్‌బ్యాంకుల్లో కొరత ఉంటుంది, బలమైన జట్టును ఆ నెలలకు ఉంచండి. పద్దెనిమిదేళ్లు నిండాలి, నలభై అయిదు కిలోలైనా ఉండాలి, హిమోగ్లోబిన్ పన్నెండున్నరకు తగ్గకూడదు. అమ్మాయిలు వెనక్కి రావాల్సి వచ్చేది ఎక్కువగా ఈ చివరిదాని దగ్గరే. వాళ్లను ఏడిపించకండి, హెల్త్ సబ్‌సెంటర్‌కు పంపి ఐరన్ మాత్రలు తీసుకోమనండి.

మట్టి మోయలేనివాళ్లకు కాగితాల పని ఉంది. ఓటరు నమోదు ఇప్పుడు ఏడాదికి ఒక్కసారి కాదు. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీల్లో ఏ తేదీకి పద్దెనిమిది నిండినా చాలు, పదిహేడేళ్లకే ముందుగా ఫారం 6 ఇవ్వొచ్చు. పెళ్లయి వచ్చిన కోడళ్లు చిరునామా మార్చుకోవడానికి ఫారం 8. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణికి అర్జీ రాయించుకోవడానికి ముసలివాళ్లు ఆఫీసు గేటు ముందు డబ్బులిచ్చుకుంటారు. ఆదివారం సాయంత్రం పంచాయతీ అరుగు మీద చేతిరాత బాగున్న ఇద్దరు కూర్చుంటే ఆ ఖర్చు తప్పుతుంది. రాశాక చదివి వినిపించండి, ఒక జిరాక్స్ వాళ్ల చేతికివ్వండి.

మొక్కలు? పది నాటండి, వంద వద్దు. వేప, కానుగ. ఎవరి ఇంటి ముందు నాటితే ఆ ఇంటివాళ్లు రెండు వేసవులు నీళ్లు పోస్తామంటేనే.

డబ్బు విషయం ఒక్కటే. జమ, ఖర్చు ఏ రోజుకారోజు వాట్సాప్ గ్రూపులో పెట్టండి, పది రూపాయల టీ అయినా. మా సంఘం విడిపోయింది బ్యానర్ మీద ఎవరి ఫోటో పెద్దగా ఉండాలనే దాని మీద. అందుకే బ్యానరే వద్దంటాను.

బోర్ల మూతలు నా షాపులో రేకు ఖర్చుకే చేసిస్తాను, మజూరీ వద్దు. ప్లాస్టిక్ కేసింగ్‌కు వెల్డింగ్ పట్టదు, ఇనుప పట్టీ చుట్టి నట్టు బోల్టులతో బిగించాలి. వచ్చేటప్పుడు పైపు చుట్టూ దారం తిప్పి, ఆ దారం తీసుకురండి. స్కేలుతో మూతికి అడ్డంగా కొలిచి లోపలి కొలత చెప్తే మూత పట్టదు, మళ్లీ చేయాల్సి వస్తుంది.