డైస్ పట్టుకుందాం రండి – 4వ పాఠం: ఎప్పుడు వేయించాలి, ఎప్పుడు వద్దు

మాటలతో, డైస్‌తో కథ నడిపే డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆట నేర్చుకుంటున్నాం కదా. పోయిన పాఠంలో క్యారెక్టర్ షీట్, అంటే మీ పాత్ర బలాలు అంకెల్లో రాసుకునే కాగితం, నింపేశాం, దాన్ని పక్కన పెట్టుకోండి, ఈసారి అందులో రెండు మూడు అంకెలతోనే పని. ఈ పాఠం ఆడేవాళ్లకంటే ఆడించేవాళ్లకు, అంటే డిఎం (డంజియన్ మాస్టర్) కుర్చీలో కూర్చోబోయేవాళ్లకు. ఆడేవాళ్లు చదివినా నష్టమేం లేదు, మీ డిఎం అయినదానికీ కానిదానికీ డైస్ వేయిస్తుంటే అడ్డుపడొచ్చు.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను. బెంగళూరు మారతహళ్లిలో మా రూమ్‌లో మొదటిసారి ఈ ఆట ఆడించిన శనివారం అది. నలుగురం, అందరం తెలుగువాళ్లమే, ఒకడు సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో ఇరుక్కుని గంటన్నర లేటు. ఆట మొదలైన పావుగంటకే ఒక రాతి తలుపు పెట్టాను, నేను రాసుకున్న కథంతా దాని అవతలే ఉంది. తెరవాలంటే ఇరవై ముఖాల డైస్‌తో 15 రావాలన్నాను. మా బావ తాళంలో పుల్ల పెట్టి తిప్పాడు, 6. ఇంకొకడు భుజంతో తోశాడు, 9. మూడోవాడు గొడ్డలి ఎత్తాడు, 4. సరే మళ్లీ వేయండన్నాను, మళ్లీ అదే తంతు. అరగంటయ్యాక చూస్తే ఒకడు ఫోన్‌లో బిర్యానీ ఆర్డర్ పెడుతున్నాడు, బావేమో గోడకి జారగిలబడి, "ఒరేయ్, ఆ తలుపేదో నువ్వే తెరిచెయ్, మేం లోపలికొస్తాం" అన్నాడు. డైస్‌ని ఏమనుకుంటాం, అక్కడ వేయమన్నది నేను.

చిన్నప్పుడు ఆడిన వైకుంఠపాళిలో పాము మింగాలా, నిచ్చెన ఎక్కాలా అన్నది పూర్తిగా గవ్వల చేతిలో ఉంటుంది. ఆ అలవాటుతో ఇక్కడికొస్తే ప్రతిదానికీ వేయించాలనిపిస్తుంది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ఈ ఆటలో అసలు పని మాటలతోనే జరుగుతుంది, ఏం చేస్తావో నువ్వు చెప్తావు, ఏం జరిగిందో డిఎం చెప్తాడు, ఎటూ తేలని చోట మాత్రమే ఇరవై ముఖాల డైస్. కాబట్టి వేయించేముందు నన్ను నేను అడిగేది ఒకటే: వీడు ఓడిపోతే ఏం జరుగుతుంది? "ఏముంది, మళ్లీ వేస్తాడు" అన్నది జవాబైతే వేయించను. ఆ తలుపు దగ్గర తరుముకొచ్చేవాళ్లు లేరు, తొందర లేదు. అలాంటప్పుడు పదింతల సమయం పట్టిందని చెప్పి తెరిచేయమని ఆడించేవాళ్ల రూల్ పుస్తకం, 2014 నాటి డిఎం గైడ్‌లోనే ఉంది. నేను చదవలేదు, అంతే.

ఇప్పుడు ఒక చోటు తీసుకుని చేసి చూద్దాం. ఎడ్ గ్రీన్‌వుడ్ కల్పించిన ఫర్‌గాటెన్ రెల్మ్స్ ప్రపంచం 1987లో ఈ ఆట కోసం అచ్చయింది. అందులో వాటర్‌డీప్ అనే పెద్ద రేవు పట్నం, ఆ పట్నంలో యానింగ్ పోర్టల్ అనే సత్రం. సత్రం మధ్యలో 40 అడుగుల వెడల్పున ఒక బావి, 140 అడుగుల లోతు, దాని అడుగు నుంచి అండర్‌మౌంటెన్ అనే అంతూపొంతూ లేని సొరంగాలు మొదలవుతాయి. యజమాని పేరు డర్నన్, ముక్తసరి మనిషి. తాడుతో దించడానికి ఒక బంగారు నాణెం, పైకి లాగడానికి ఇంకొకటి. దిగినవాళ్లు తిరిగొస్తారా రారా అని పైన కూర్చుని తాగేవాళ్లు పందేలు కాస్తుంటారు. (ఈ సత్రం కనిపెట్టిన బుర్రకి దండం పెట్టాలి.)

నాణెం ఇచ్చి దిగుతామంటే డైస్ అక్కర్లేదు, దించేయండి. కానీ మా బావ బెంగళూరు ఆటోవాళ్లతో ఆరేళ్లు వాదించిన మనిషి, ఊరుకుంటాడా? "అన్నా, పోను రాను కలిపి ఒకటే తీస్కో" అని మొదలెట్టాడు. ఒక బంగారు నాణెం అంటే పది వెండి నాణేలు, ఆ ప్రపంచంలో ఓ మోస్తరు మనిషికి ఒకరోజు ఖర్చు, కాబట్టి బేరంలో న్యాయం ఉంది. అయినా డర్నన్ వ్యాపారానికి ఇది ఎసరు. కష్టం ఎంతో చెప్పే అంకెను డీసీ అంటాం, డైస్ లెక్క దానికి చేరితే గెలిచినట్టు: 10 తేలిక, 15 ఓ మాదిరి, 20 కష్టం. నేను 20 పెట్టాను. బావ పాత్రకి కరిష్మా, అంటే ఎదుటివాళ్లని ఆకట్టుకునే బలం, 8, కాబట్టి డైస్ మీద పడినదానికి మైనస్ 1. నాచురల్ 20, అంటే డైస్ మీదే 20, పడినా వచ్చేది 19. 20 పడితే ఏదైనా అయిపోతుందని చాలామంది అనుకుంటారు, ఆ వరం కత్తి దూసి దాడి చేసినప్పుడు ఉంది, బేరానికి లేదు. మరి గెలిచే దారే లేనప్పుడు వేయించడం ఎందుకు? "డర్నన్ గ్లాసు తుడుస్తూ నీ వంక చూశాడు, మాట్లాడలేదు" అని చెప్పి ఊరుకున్నాను.

అప్పుడు మా బార్డ్ (పాటగాడు) పాత్రవాడు అందుకున్నాడు: "కిందకి పోయి రాకుండా ఉండిపోయినవాళ్ల జాడ తెలిస్తే నీకు చెప్తాం, పైకి లాగేటప్పుడు డబ్బులడక్కు." ఇది వేరే బేరం, డర్నన్‌కీ లాభం ఉంది, డీసీని 15కి దించాను. వీడికి కరిష్మా 14 కాబట్టి 2, పర్స్వేషన్ (ఒప్పించే నేర్పు) వచ్చు కాబట్టి ఇంకో 2, మొత్తం 4. డైస్ మీద 11 గానీ ఆపైన గానీ పడాలి, సరిగ్గా సగం అవకాశం. బావ పక్కనుంచి ఒత్తాసు పలికితే అడ్వాంటేజ్, రెండుసార్లు వేసి పెద్దది తీసుకోవడం, అవకాశం నూటికి 75 అవుతుంది. మంచి మాట అన్నవాడికి అంకెలో ఫలితం కనపడాలి, లేకపోతే రెండో వారం నుంచి ఎవడూ నోరు విప్పడు.

పడింది 3, ఇంకోటి 7. ఇక్కడే ఆడించేవాడి చెయ్యి తెలుస్తుంది. "ఒప్పుకోలేదు" అని ఆపేస్తే మళ్లీ నా రాతి తలుపే. నేనన్నది: "డర్నన్ గట్టిగా నవ్వాడు, అది ఎప్పుడూ జరగదు కాబట్టి సత్రం మొత్తం మీ వైపు తిరిగింది. వీళ్ల దగ్గర పైకొచ్చే డబ్బుల్లేవని అందరికీ తెలిసిపోయింది. పందేలు మీరు రారని పెరుగుతున్నాయి. మూలన కూర్చున్న ఒకామె మీ వంతు నాణేలు తాను కడతానంటోంది." ఓడారు, కథ మాత్రం నాలుగడుగులు ముందుకెళ్లింది. ఆమె ఎవరో నాకూ అప్పటికి తెలీదు, ఒట్టు.

ఇప్పుడు మీ పని. మీ పాత్రలు తాడు పట్టుకుని బావిలో సగం దూరం దిగారు, తాడు ఒక్కసారి జర్కు ఇచ్చింది. డీసీ 15, వేశారు, ఓడారు. ఏమైందో మూడు రకాలుగా రాయండి. "కింద పడ్డావు" అని మాత్రం రాయొద్దు: ప్రతి 10 అడుగులకి ఒక ఆరు ముఖాల డైస్ దెబ్బ, అక్కడి నుంచి పడితే 70 అడుగులకి ఏడు, సగటున 24 పైమాటే, మొదటి లెవెల్ దొంగకి ఉండే ప్రాణం పదికి అటూ ఇటూగానే. చేతి సంచీ జారిపోవచ్చు, దివిటీ ఆరిపోవచ్చు, చప్పుడుకి కింద ఏదో లేవొచ్చు. కింద లేచేదాన్ని రాసినవాళ్లు ఆ కాగితం దాచుకోండి, వచ్చే పాఠంలో దానితోనే కొట్లాట, ఎవరి వంతు ముందో తేల్చడం దగ్గర మొదలుపెడదాం.