గుర్రానికి నేర్పాలంటే ముందు ఎప్పుడు ఆపాలో మనం నేర్చుకోవాలి

గుర్రాలతో కొత్తగా పని మొదలుపెట్టినవాళ్ళు ఎక్కువగా అడిగేది ఇదే, అది మాట వినట్లేదండి ఏం చెయ్యాలి అని. నేను తిరిగి ఒకటే అడుగుతా, మీరు అడిగింది అది చేసిన ఆ సెకన్లో మీరేం చేశారు? చాలామందికి గుర్తు ఉండదు, ఎందుకంటే అప్పుడు కూడా తాడు లాగుతూనే ఉంటారు. గుర్రం నేర్చుకునేది మనం లాగినప్పుడు కాదు, వదిలినప్పుడు. నేను కింద రాసేదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

ముందు దాని వైపు నుంచి చూడండి. నాలుగైదు వందల కిలోల జంతువే అయినా అది పులులకీ తోడేళ్ళకీ ఆహారం అయిన జాతి, అనుమానం వస్తే ముందు పరిగెత్తి తర్వాత ఆలోచిస్తుంది, మనం మొండితనం అని తిట్టేదాంట్లో సగానికి పైగా భయమే. కళ్ళు తలకి రెండు పక్కలా ఉంటాయి కాబట్టి దాదాపు 350 డిగ్రీలు చూడగలదు, కనపడనిది నుదుటికి ఎదురుగా కొంచెం చోటు, తోక వెనక కొంచెం చోటు. మనవాళ్ళు సరిగ్గా ఆ రెండు చోట్ల నుంచే వెళ్ళి చెయ్యి చాపుతారు, అది అదిరిపడితే పొగరు అంటారు. భుజం వైపు నుంచి, కొంచెం వంకరగా నడుచుకుంటూ, ఏదో ఒకటి మెల్లగా మాట్లాడుతూ వెళ్ళండి. నేరుగా కళ్ళలోకి చూస్తూ గీత గీసినట్టు వెళ్తే వేటకి వచ్చినట్టే ఉంటుంది దానికి.

ఇంకో సంగతి, మనం నోటితో చెప్పకముందే అది మనల్ని చదివేస్తుంది. వందేళ్ళ పైబడిన కథ ఒకటి ఉంది, 1904లో జర్మనీలో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తుందని పెద్ద పేరు వచ్చింది, ఎంత అని అడిగితే కాలితో నేలని అన్నిసార్లు తట్టి ఆపేది. దాని యజమాని ఫాన్ ఓస్టెన్ మోసగాడేం కాదు, నిజంగానే నేర్పాననుకున్నాడు. తర్వాత ఆస్కర్ ఫుంగ్‌స్ట్ అనే ఆయన పరీక్షలు పెట్టి చూస్తే తేలింది ఏంటంటే, అడిగేవాడికే జవాబు తెలియకపోతే హాన్స్‌కీ తెలియదు, అడిగేవాడు కనపడకపోయినా తెలియదు. సరైన అంకె రాగానే అడిగేవాళ్ళ తల వాళ్ళకే తెలియకుండా రవ్వంత పైకి లేచేది, గుర్రం ఆగేది. చాలామంది దీన్ని గుర్రానికి ఏం తెలియదు అనడానికి చెప్తారు, నాకు మాత్రం ఎదురుగా నిలబడ్డ మనిషికే తెలియని కదలికని పట్టుకున్న ఆ గుర్రం లెక్కలు చేసే గుర్రం కంటే గొప్పగా అనిపిస్తుంది. అంటే మీరు ఆఫీసు చిరాకు భుజాల్లో పెట్టుకుని దాని కంచె లోపలికి వెళ్తే దానికి తెలుస్తుంది. గేటు దగ్గరే ఆగి, ఊపిరి పూర్తిగా వదిలి, భుజాలు దించుకుని వెళ్ళండి.

మొదటి రెండు మూడు రోజులు ఏ పనీ పెట్టుకోవద్దు. లోపల నిలబడండి, పక్కకి తిరిగి. అది మీ వైపు ఒక చెవి తిప్పినా, తల తిప్పి చూసినా, మీరు రెండడుగులు వెనక్కి వెళ్ళిపోండి. వింతగా అనిపిస్తుంది కానీ దానికి అర్థమయ్యేది ఏంటంటే, నేను ఇతన్ని చూస్తే ఇతను నా మీదకి రాడు అని. కాసేపటికి అదే అడుగు వేస్తుంది, అప్పుడు కూడా తొందరపడి పట్టుకోకండి, అరచేతి వెనక భాగాన్ని దాని మూతి దగ్గర పెట్టి వాసన చూడనివ్వండి, వచ్చేయండి. మొదటి స్పర్శ ముఖం మీద వద్దు. జూలు అయిపోయి వీపు మొదలయ్యే చోట ఎత్తుగా ఒక ఎముక ఉంటుంది కదా, అక్కడ వేళ్ళతో గట్టిగా గోకండి, గుర్రాలు ఒకదాన్నొకటి పళ్ళతో గోక్కునేది అక్కడే, అక్కడ గోకితే గుండె వేగం తగ్గుతుందని కొలిచి చూశారు కూడా. నచ్చితే పై పెదవి సాగదీసి వణికిస్తుంది. మెడ మీద టపటపా కొట్టడం మనకి మెచ్చుకోలు, దానికి మాత్రం ఉట్టి దెబ్బే.

కొంతమంది గుండ్రటి కంచెలో పెట్టి, అది అలిసిపోయి మన దగ్గరికి వచ్చేదాకా చుట్టూ తరుముతారు. నేను చెయ్యను. తరిమితే ఆగడానికి వేరే దారి లేక వస్తుంది, దాన్ని నమ్మకం అనడానికి నాకు మనసు ఒప్పుకోదు.

ఇప్పుడు అసలు పని. గుర్రం తలకి హాల్టర్, అంటే తాడు తగిలించడానికి తలకి తొడిగే పట్టీ, ఒక 12 అడుగుల తాడు చాలు. తాడుని చేతికి ఎప్పుడూ చుట్టుకోవద్దు, అది పరిగెత్తితే వేళ్ళు పోతాయి, మడతలు పెట్టి పట్టుకోండి. మీ తలకి హెల్మెట్, కాలికి గట్టి బూటు, దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చోవద్దు. ముందుకి నడవడం నేర్పాలంటే తాడుని ముందుకి పట్టుకుని బిగువు కొంచెం రానిచ్చి అలాగే ఉంచండి, లాగకండి, కుదపకండి. అది ముందు మెడ సాగదీస్తుంది, తల పక్కకి తిప్పుతుంది, బిగువు అలాగే ఉండాలి. ఎప్పుడైతే బరువు ముందు కాళ్ళ మీదకి వచ్చిందో, ఇంకా అడుగు కూడా పడలేదు, అప్పుడే వదిలేయండి. వెంటనే. ఒక్క సెకను ఆలస్యం అయినా అది ఈలోపు ఇంకేదో చేసేసి ఉంటుంది, దానికే బహుమతి వచ్చిందనుకుంటుంది. మీరు వదిలిన సమయానికి అది తల ఎత్తి వెనక్కి గుంజుతుంటే, మీరు నేర్పింది వెనక్కి గుంజడమే. వెనక్కి జరగడం, పక్కకి తిరగడం కూడా ఇంతే, వెనక్కి జరగడానికైతే వేలితో ఛాతీ మీద ఈక బరువంత మొదలుపెట్టి మెల్లగా పెంచండి, బరువు మారగానే తీసేయండి. ప్రతిసారీ ఈకతోనే మొదలుపెట్టాలి, నిన్న గట్టిగా నొక్కితేనే కదిలింది కదా అని ఇవాళ అక్కడ నుంచి మొదలుపెట్టొద్దు.

కుడి వైపు నేర్చుకున్నది ఎడమ వైపు వచ్చేస్తుంది అనుకోకండి, రెండు వైపులా మొదటి నుంచీ చేయించాలి.

చేస్తున్నంతసేపూ ఒళ్ళు చూస్తూ ఉండండి. తల వీపు కంటే కిందకి దిగడం, కింది పెదవి వదులుగా వేలాడటం, ఒక వెనక కాలు మడిచి నిలబడటం నిమ్మళంగా ఉన్నట్టు, కానీ చెవులు పూర్తిగా వెనక్కి అణిచి, ముక్కు ముడతలు పడి, తోక విసురుతూ కాలు మడిచిందంటే అది వేరే లెక్క, దూరం జరగండి. కంటి తెల్లగుడ్డు కనపడటం, మూతి రాయిలా బిగుసుకోవడం భయం. నాలుకతో నాకి నమిలితే ఒప్పేసుకుంది అని చాలామంది చెప్తారు, నేను అంతదూరం వెళ్ళను, అప్పటిదాకా టెన్షన్‌లో ఉండి ఇప్పుడు కొంచెం దిగింది అనుకుంటాను, అంటే అంతకుముందు నేనే ఎక్కువ ఒత్తిడి పెట్టానేమో చూసుకుంటాను.

అది భయపడే వస్తువులకీ, ముట్టుకుంటే బెదిరే చోట్లకీ ఇదే పద్ధతి, కాకపోతే ఇక్కడ నాది ఒక తప్పు చెప్పాలి. ఒక ఆడగుర్రం చెవులు ముట్టనిచ్చేది కాదు. రోజూ మెడ దాకా వెళ్ళి అది బిగుసుకునే లోపే చెయ్యి తీసేస్తూ, చెవికి నాలుగు వేళ్ళ దూరం దాకా వచ్చాం. ఆ రోజు నాకు తొందర, పట్టుకుని అలాగే ఉంటే అదే అలవాటు పడుతుందని చెవి పట్టేసుకున్నా. కాసేపు గింజుకుని కదలకుండా నిలబడిపోయింది, ఒప్పుకుంది అనుకున్నాను. మర్నాడు నా చెయ్యి భుజం దగ్గరికి వెళ్ళినా ఒళ్ళంతా బిగుసుకుంది. కదలకుండా నిలబడటం వేరు, నిమ్మళంగా నిలబడటం వేరు అని అప్పుడు తెలిసింది, మళ్ళీ మెడ దగ్గర నుంచి మొదలుపెట్టి వారాలు పట్టింది.

ఇంత చేసినా మారకపోతే, లేదా మంచి గుర్రం ఉన్నట్టుండి ఎదురు తిరిగితే, ట్రైనింగ్ ఆపి డాక్టర్‌ని పిలవండి. పళ్ళు, వీపు, డెక్కలు, సరిపోని జీను, ఎక్కడో నొప్పి ఉంటుంది. నొప్పితో ఉన్నదానికి ఎంత చక్కగా అడిగినా అది చెప్పే జవాబు మారదు.

ఒక్కసారికి 10 నుంచి 15 నిమిషాలు చాలు, బాగా చేసినప్పుడే ఆపేసి, హాల్టర్ తీశాక వెంటనే వెళ్ళిపోకుండా కాసేపు గోకి రండి. మర్నాడు గేటు తీసి అక్కడే నిలబడి చూడండి. అది మీ వైపు నడిస్తే నిన్నటి పని ముందుకి తీసుకెళ్ళండి. తోక తిప్పి అటు వెళ్ళిపోతే ఆ రోజుకి తాడు గేటుకే తగిలించేసి, లోపల ఊరికే నిలబడండి, పక్కకి తిరిగి, మొదటి రోజులాగా.