షివా ఇంటికి పలకరింపుకు వెళ్లేముందు జాగ్రత్తలు

యూదుల ఇంట్లో దగ్గరివాళ్లు పోతే, ఖననం జరిగిన రోజు నుంచి ఏడు రోజులు 'షివా' అనే సంతాపం పాటిస్తారు. అమెరికాలో ఉన్న మనవాళ్లు తోటి ఉద్యోగి ఇంటికి వెళ్లేముందు ఇవి చూసుకోవాలి.

- వేళ కనుక్కోండి. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా సబ్బాతు, అంటే యూదుల విశ్రాంతి దినం, పరామర్శలుండవు. ఏడో రోజు ఉదయం కాసేపటికే షివా అయిపోతుంది. సాయంత్రం వెళ్దామనుకుంటే తప్పిపోయినట్టే. మధ్యలో యూదుల పెద్ద పండుగ వస్తే అక్కడితోనే ముగుస్తుంది.

- పూలు వద్దు.

- వంట చేసి పట్టుకెళ్లకండి. శుద్ధ శాకాహారమైనా, కోషర్ అనే యూదుల ఆహార నియమం పాటించేవాళ్లకు మన గిన్నెల్లో వండింది పనికిరాదు. కోషర్ ముద్ర ఉన్న, సీలు విప్పని ప్యాకెట్ కొనండి. అదీ ఇంట్లోవాళ్లను అడిగాకే.

- తలుపు గడియ వేసి ఉండకపోతే బెల్ కొట్టకుండా లోపలికి వెళ్లండి. శోకంలో ఉన్నవాళ్లు లేచి ఆహ్వానించే పని పడకూడదనే ఆ ఏర్పాటు.

- అసలు కష్టం మౌనం దగ్గరే. వాళ్లు నోరు విప్పేదాకా మీరు మాట్లాడకూడదు. "ఎలా జరిగింది?" "పోనీలే, బాధ తప్పింది" లాంటివి అసలే వద్దు. పోయినవారి గురించి మీకు తెలిసిన మంచి సంగతి ఒకటి గుర్తు చేసుకుని వెళ్లండి, అవకాశమొస్తే చెప్పొచ్చు.

- కప్పేసిన అద్దాలు, పొట్టి పీటలు, చిరిగిన చొక్కా కనిపిస్తాయి. అవన్నీ శోకాచారాలే, ఆరా తీయకండి. తల్లిదండ్రులు పోతే గుండె ఉన్న ఎడమవైపు చొక్కా చింపుకుంటారు.

- పోయినవారి కోసం చదివే కద్దిష్ ప్రార్థనకు పదిమంది యూదులు కావాలి. ఆ లెక్కలో మీరుండరు. అందరూ లేచినప్పుడు లేచి నిలబడితే చాలు.

- అరగంటకు మించి కూర్చోకండి.