నలభై దాటాక కోలాటం నేర్చుకోవడం ఎలా?

గుంటూరులో మా వీధి రామాలయం ముందు కోలాటం ఆడుతుంటే, చూడ్డానికి వచ్చిన ఆడవాళ్లలో చాలామంది ఒకే మాట అంటారు: "ఇప్పుడేం వస్తుందిలే, చిన్నప్పుడే నేర్చుకోవాల్సింది." నేను కోలలు పట్టింది నలభై మూడో ఏట. కాళ్లు తిరగవేమోనని నాకూ టెన్షనే. తీరా మొదలుపెట్టాక తెలిసింది, కోలాటంలో ముందు పని చెవికి, తర్వాత చేతికి. కాళ్ల వంతు ఆఖర్న వస్తుంది. ఈ వరస తప్పకపోతే ఏ వయసులోనైనా కోలాటం పట్టుబడుతుంది.

ముందుగా జట్టును వెతుక్కోండి. వీడియోలు చూసి ఇంట్లో ఒక్కరే ఆడితే అడుగులు వస్తాయి కానీ, ఎదుటి కోల తగిలే అనుభవం రాదు. మీ పేటలోని గుళ్లో భజన మండలి ఉందేమో అడగండి. శ్రీరామనవమికి, దసరాకు ముందు నెల మాత్రం వెళ్లొద్దు. అప్పుడు పాతవాళ్లంతా ప్రోగ్రాం హడావుడిలో ఉంటారు, కొత్తవాళ్లకు నేర్పే తీరిక ఉండదు. పండగ వెళ్లిన వారానికి వెళ్తే ఓపిగ్గా చేయి పట్టి నేర్పుతారు.

కోలలు చేవ ఉన్న కర్రవి తీసుకోండి. అడుగు పైచిలుకు పొడవు, బొటనవేలంత లావు చాలు. కొనేముందు రెండూ తాకించి వినండి. టక్కుమని మోగాలి. చప్పుడు మందంగా వస్తే ఆ జత వద్దు. గజ్జెలు కట్టిన రంగుల కోలలు ముచ్చటగానే ఉంటాయి కానీ, నేర్చుకునేటప్పుడు ఆ గలగలలో మన తప్పు మనకు వినపడదు.

మొదటి వారం ఆ కోలలు కూడా పక్కన పెట్టేయండి. బాసింపట్టు వేసుకుని కూర్చుని "తక ధిమి తక ఝణు" అని నోటితో అంటూ తొడ మీద తాళం వేయండి. మొత్తం ఎనిమిది అక్షరాలు. ఒకటో అక్షరం మీద, ఐదో అక్షరం మీద గట్టిగా, మిగతావాటి మీద మెల్లగా. అది నోటికి వచ్చాక అదే లెక్కతో వరండాలో నడవండి. వంటింట్లో కూర కలుపుతూ కూడా నేను ఇదే అనుకునేదాన్ని.

ఇక పట్టు. కొత్తవాళ్లు కోలను పిడికిట్లో బిగించేస్తారు. నేనూ అలాగే పట్టుకుని మొదటి రోజే వేళ్ల కణుపులు కమిలించుకున్నాను. మా మాష్టారు ఏమీ అనకుండా నా మూడు వేళ్లనూ ఒక్కొక్కటిగా వదులు చేశారు. కోల బరువంతా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నిలిచింది. అప్పుడు మణికట్టు ఆడిస్తే కోల తనంతట తనే వెళ్లి తగిలి వెనక్కి వచ్చింది. భుజం ఊపాల్సిన పనే లేదు. చేతికి ఉంగరాలుంటే తీసేయండి, దెబ్బ జారి వేలి మీద పడితే ఉంగరం నొక్కుకుపోతుంది.

కోలాటంలో మనకు ఎదురుగా నిలబడే జతను ఉద్ది అంటారు. ఒక్కో ఆట వరసను కోపు అంటారు. మాకు మొదట నేర్పిన కోపు నాలుగు దెబ్బలది: ఒకటికి మన కోలలు రెండూ తాకించాలి, రెండుకు కుడి కోలను ఉద్ది కుడి కోలకు, మూడుకు మళ్లీ మనవి, నాలుగుకు ఎడమ కోలను ఉద్ది ఎడమ కోలకు. నిలబడిన చోటే ఇది తడబడకుండా వందసార్లు వచ్చాకే అడుగు కలపండి. ఆ తర్వాత పక్క ఉద్దికి మారడం, లోపలి వలయం నుంచి బయటి వలయంలోకి వెళ్లడం ఒక్కొక్కటే చేరుస్తారు.

తప్పు పోతుంది, అందరికీ పోతుంది. అప్పుడు చూపు కిందికి పోనివ్వకండి, కాళ్లు చూసుకుంటే తాళం కూడా పోతుంది. కాళ్లు ఆపేసి చేతులు మాత్రం ఆడిస్తూ ఉండండి. మీ ఉద్దికి దెబ్బ అందుతున్నంతసేపు ఆట చెడదు. మళ్లీ ఒకటో లెక్క వచ్చినప్పుడు అడుగు కలిపేయొచ్చు.

మోకాళ్ల సంగతి కూడా చూసుకోవాలి. సిమెంటు డాబా మీద చెప్పుల్లేకుండా గంటసేపు ఎగిరితే మర్నాడు మెట్లు దిగలేం. మట్టి నేల ఉంటే మంచిది. లేకపోతే మొదటి రెండు నెలలూ ఎగరకుండా, మోకాలు కాస్త వంచి అడుగు మార్చండి చాలు. నొప్పి తగ్గకపోతే డాక్టరుకు చూపించాకే మళ్లీ వెళ్లండి. మన గుంటూరు ఎండల్లో అయితే తెల్లవారుజామునో, పొద్దు గూకాకో ఆడాలి. చీరైతే కుచ్చిళ్లు చీలమండ పైకి ఎత్తి కట్టుకోండి.

ఈ ఆట మనకు కొత్తదేం కాదు. పక్కనే ఉన్న చేబ్రోలులో శాసనాలు వేయించిన కాకతీయుల నాటి జాయప సేనాని 13వ శతాబ్దంలో నాట్యం మీద రాసిన 'నృత్త రత్నావళి'లో కర్రలతో ఆడే దండరాసకం గురించి ఉంది. అది చదివిన రోజు నా కోలలను ఇంకోసారి చేతిలోకి తీసుకుని చూసుకున్నాను.

ఇంట్లో సాధనకు ఫోన్‌లో పాట వేగం ముప్పావుకు తగ్గించి పెట్టుకోండి. రోజుకు ఇరవై నిమిషాలు సరిపోతుంది. మీ కోల, మీ ఉద్ది కోల తగిలినప్పుడు రెండు చప్పుళ్లు కాకుండా ఒక్కటే వినిపించిన రోజున, వేగం పెంచమని మాష్టారిని మీరే అడగండి.