సంగటి ముద్దకు ఎన్ని క్యాలరీలు? తిండీ నడకా లెక్క రాసుకునే పద్ధతి

బరువు తగ్గాలనుకున్నవాళ్లు చాలామంది మొదటి రోజే అన్నం మానేస్తారు. అలా చేయకండి. మొదటి వారం ఏమీ మార్చకుండా, ఇప్పుడు తింటున్నది తింటున్నట్టే రాయండి. నూనె ఎక్కువవుతోందా, టీలు ఎక్కువవుతున్నాయా, కదలిక తక్కువా అన్నది ఆ ఏడు రోజుల్లోనే బయటపడుతుంది. తగ్గించాల్సింది ఏదో తెలిశాకే తగ్గించడం.

కావాల్సిన సామాను కొంచెమే. 5 కిలోల వరకు గ్రాముల్లో తూచే వంటింటి డిజిటల్ కాటా, మనిషి బరువు చూసే మిషన్, టైలర్ టేపు, ఒక నోటుబుక్కు. ఫోన్లో యాప్ ఉన్నా మంచిదే. కాకపోతే యాప్‌లో 'రాగి సంగటి' అని వెతికితే ఎవరో ఎక్కించిన అంకె వస్తుంది. వాళ్లు బియ్యం ఎంత వేశారో, నీళ్లు ఎన్ని పోశారో మనకు తెలియదు. అందుకే వండిన వంటకం పేరు మీద వెతకొద్దు. బియ్యం, రాగిపిండి, కందిపప్పు, నూనె అని పచ్చి సరుకు పేరు మీదే అంకె తీసుకోండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన భారతీయ ఆహార పదార్థాల పట్టికలు ఇందుకు మంచి ఆధారం.

గిన్నెను ఒక్కసారి తూచి పెట్టుకోండి

ఇంట్లో రోజూ వాడే గిన్నెలు ఖాళీగా ఉన్నప్పుడు తూచి, ఆ బరువులు నోటుబుక్కు అట్ట వెనక రాసుకోండి. తర్వాత పనంతా దీనిమీదే నడుస్తుంది.

సంగటి ఉదాహరణగా చూద్దాం. బియ్యం 150 గ్రాములు, రాగిపిండి 250 గ్రాములు వేశారనుకోండి. బియ్యానికి గ్రాముకు 3.5 చొప్పున 525, రాగిపిండికి గ్రాముకు 3.2 చొప్పున 800, మొత్తం 1,325 క్యాలరీలు. నీళ్లకు, ఉప్పుకు క్యాలరీలు లేవు. కెలికి దించాక గిన్నెతో సహా తూచి, ఖాళీ గిన్నె బరువు తీసేయండి. సంగటి 1,500 గ్రాములు తేలిందంటే గ్రాముకు 0.88 క్యాలరీ. 300 గ్రాముల ముద్ద తింటే 265. రేపు నీళ్లు కాస్త ఎక్కువై సంగటి జారుగా వస్తే మొత్తం బరువు పెరుగుతుంది, గ్రాముకు క్యాలరీ తగ్గుతుంది. అందుకే ముద్ద సైజు చూసి అంచనా వేస్తే తప్పుతుంది. చేతికి తడి చేసుకుని ముద్ద కట్టేటప్పుడే ప్లేటును కాటా మీద పెట్టి, సున్నా నొక్కి, అందులో వేయండి. అర నిమిషం పని.

ఇదే ముద్ద పక్కన వేసుకునే చెనక్కాయల ఊరిబిండిని, అంటే వేరుశనగ చట్నీని, చాలామంది అసలు రాయరు. 100 గ్రాముల చెనక్కాయ పప్పులో 520 నుంచి 560 దాకా క్యాలరీలు ఉంటాయి. అంత పప్పుతో, రెండు టీస్పూన్ల నూనె తిరగమోతతో చేసిన ఊరిబిండి 300 గ్రాములు అయిందనుకుంటే, 60 గ్రాముల గరిటెడుకు 120 నుంచి 130. రెండు గరిటెలు వేసుకుంటే ముద్దతో సమానం. ఊరిబిండి మానేయమని కాదు, అందులో మాంసకృత్తులు కూడా ఉన్నాయి. తూచి వేసుకోండి, రాయండి. బియ్యం మాత్రమే రాసి చట్నీ రాయని పుస్తకం ఎన్నాళ్లు రాసినా బరువు ఎందుకు తగ్గలేదో చెప్పదు.

అన్నం విషయంలో గందరగోళం ఒకటి తరచుగా వస్తుంది. పచ్చి బియ్యం 100 గ్రాములకు దాదాపు 350, వండిన అన్నం 100 గ్రాములకు దాదాపు 130. వండిన అన్నం తూచి పచ్చి బియ్యం అంకె వేస్తే లెక్క రెండున్నర రెట్లు పెరిగిపోతుంది. తారుమారైతే అంతకు అంత తగ్గుతుంది. రాసేటప్పుడు అంకె పక్కన 'పచ్చి' లేదా 'వండింది' అని తప్పకుండా పెట్టండి.

నూనె, టీ, ప్రసాదం

నూనెను వంట వంటకూ కొలవడం నలుగురున్న ఇంట్లో కుదిరే పని కాదు. ప్యాకెట్టు తెరిచిన రోజు తేదీ రాయండి, అయిపోయిన రోజు తేదీ రాయండి, చాలు. నలుగురికి నెలకు 3 లీటర్లు అయ్యాయంటే మనిషికి రోజుకు 25 మిల్లీలీటర్లు. అంటే 200 క్యాలరీల పైమాటే. ఆ అంకెను ప్రతి రోజు లెక్కకూ కలిపేయండి. వంట చేసేది ఒకరు, రాసేది ఇంకొకరు అయితే ఈ పద్ధతి ఇంకా మంచిది. పొయ్యి దగ్గర నిలబడి అమ్మనో భార్యనో ప్రతి స్పూనూ అడుగుతూ ఉంటే వారం తిరిగేలోపు ఇద్దరికీ విసుగొస్తుంది.

టీ ఒక చిన్న గ్లాసు, రెండు స్పూన్ల చక్కెరతో, 70 నుంచి 80 క్యాలరీలు. రోజుకు నాలుగు తాగితే 300. చక్కెర ఒక స్పూన్‌కు తగ్గించడమే మొదటి వారం తర్వాత చేయగల అతి తేలిక మార్పు.

శ్రీవారి లడ్డు ఒకటి దాదాపు 175 గ్రాములు. నెయ్యి, చక్కెర, సెనగపిండి, జీడిపప్పు కలిసిన మిఠాయి కాబట్టి 100 గ్రాములకు 400 కంటే తక్కువ వేయకండి, మొత్తం 700 దాటుతుంది. తిరుపతిలో ఉండి ప్రసాదం కాదనలేం, కాదనక్కర్లేదు. నాలుగో వంతు తీసుకుని 180 అని రాసుకోండి, మిగతాది ఇంటిల్లిపాదికీ పంచండి.

శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్లు, ముఖ్యంగా పెరటాసి నెలలో (సెప్టెంబరు-అక్టోబరు), ఆ రోజు లెక్క రాయడం మానేస్తారు. నిజానికి రాయాల్సింది ఆ రోజే. అన్నం బదులు నెయ్యి పొంగలి, రెండు వడలు, చట్నీ తింటే మానేసిన భోజనం కంటే ఎక్కువ కావచ్చు. మామిడి కాలంలో బేనీషా 400 గ్రాముల కాయ నుంచి తొక్క, టెంక పోను 280 గ్రాముల దాకా వస్తుంది, క్యాలరీలు 170 దగ్గర. టెంకతో సహా తూచి రాస్తే తప్పు లెక్క.

మీకు ఎంత కావాలి

బరువు కిలోల్లో 10తో, ఎత్తు సెంటీమీటర్లలో 6.25తో హెచ్చించి రెండూ కలపండి. అందులోంచి వయసును 5తో హెచ్చించినంత తీసేయండి. మగవాళ్లయితే 5 కలపండి, ఆడవాళ్లయితే 161 తీసేయండి. వచ్చేది ఊరికే పడుకున్నా రోజుకు ఖర్చయ్యే క్యాలరీలు. దాన్ని ఎక్కువసేపు కూర్చునే పనైతే 1.2తో, కాస్త నడక ఉంటే 1.375తో హెచ్చించండి. 70 కిలోలు, 158 సెంటీమీటర్లు, 40 ఏళ్లు ఉన్న ఆవిడకు 1,326, కాస్త నడకతో 1,820 వస్తుంది. అందులోంచి 400 తగ్గించి 1,420 పెట్టుకుంటే వారానికి 2,800 లోటు. కిలో కొవ్వుకు దాదాపు 7,700 కాబట్టి వారానికి మూడో వంతు కిలో కంటే కొంచెం ఎక్కువ తగ్గాలి. అది చాలు. డాక్టరు చెప్పకుండా ఆడవాళ్లు 1,200కు, మగవాళ్లు 1,500కు దిగువకు పోవద్దు.

బరువు చూసేది పొద్దున, కాలకృత్యాలయ్యాక, నీళ్లు కూడా తాగకముందు. మిషన్ గట్టి నేల మీద ఉండాలి, చాప మీద పెడితే తప్పు చూపిస్తుంది. రోజూ చూసి ఏడు రోజుల సగటు మాత్రమే పోల్చండి. ఆవకాయ, ఊరగాయ, హోటల్ భోజనం తిన్న మర్నాడు కిలో దాకా పెరిగినట్టు కనిపిస్తుంది. అది ఉప్పు పట్టి ఉంచిన నీరు. నెలసరి వచ్చే ఆడవాళ్లు ఈ వారాన్ని పోయిన నెల అదే వారంతో పోల్చుకోవాలి. నడుం చుట్టుకొలత రెండు వారాలకోసారి, చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైభాగానికీ మధ్యలో, మామూలుగా ఊపిరి వదిలాక తీయండి. మన దేశస్థులకు మగవాళ్లలో 90, ఆడవాళ్లలో 80 సెంటీమీటర్లు హద్దు.

నడకలో ఏం రాయాలి

వ్యాయామానికి నిమిషాలు రాయండి, క్యాలరీలు రాయకండి. ఇది గట్టిగా చెప్పాల్సిన మాట. 70 కిలోల మనిషి అర గంట మామూలు వేగంతో నడిస్తే 130 దాకా ఖర్చవుతుంది. ఊరికే కూర్చున్నా అందులో 35 పైగా ఖర్చయ్యేవే. మిగిలిన 90 పైచిలుకు ఒక్క వడతో సరి. వాచీ చూపించిన అంకెను భోజనంలో తిరిగి కలిపేసుకోవడం వల్లే సగం మంది ఎక్కడివాళ్లక్కడ ఆగిపోతారు.

వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, రెండు రోజులు కండరాలకు పని అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మధ్యస్థం అంటే మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. ఎండాకాలం ఇక్కడ 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి పొద్దున 7 లోపే నడక ముగించండి. ఫోన్ చేతి సంచిలో కాకుండా జేబులో ఉంచండి, గుంతల రోడ్డు మీద బండి నడిపేటప్పుడు పడే దొంగ అడుగులు తీసేయండి.

అలిపిరి మెట్లు నెలకోసారి మంచి పరీక్ష. మొత్తం 3,550 మెట్లని లెక్క, 650 మీటర్లకు పైగా ఎత్తు. గాలిగోపురం దాకానే అసలు ఎక్కుడు, తర్వాత చాలా దూరం దాదాపు సమతలం, చివర్లో మళ్లీ మోకాళ్ల పర్వతం. అందుకే మొత్తం సమయం కాకుండా అలిపిరి నుంచి గాలిగోపురం దాకా పట్టిన నిమిషాలు, అక్కడ నాడి ఎంత కొట్టుకుంటోంది, ఎన్నిసార్లు ఆగారు అన్న మూడూ రాయండి. దారి మీద పైకప్పు ఉండటంతో ఫోన్ చూపే దూరం అటూ ఇటూ పోతుంది, దాన్ని నమ్మొద్దు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎక్కడం కంటే దిగడానికే ఎక్కువ జాగ్రత్త పడాలి. దిగడానికి బస్సెక్కండి. ఛాతీ బిగుతు, ఎడమ చేయి లాగడం ఉంటే ఎక్కడున్నా అక్కడే ఆగి సాయం అడగండి. గుండె జబ్బు ఉన్నవాళ్లు ముందు డాక్టర్ని అడగకుండా మొదలే పెట్టొద్దు.

అలవాట్లకు గోడ మీది క్యాలెండరే చాలు, మూడింటికి మించి పెట్టుకోకండి. అవునో కాదో తేలిపోయేలా రాయండి. 'తక్కువ తినాలి' అని కాదు, 'రాత్రి 8 లోపు భోజనం' అని. వరుసగా రెండు రోజులు తప్పితే అలవాటునే చిన్నది చేయండి, నలభై నిమిషాల నడకను పదిహేనుకు దించండి.

మూడు వారాల సగటు కదలకపోతే నేరుగా తిండి తగ్గించొద్దు. ముందు నూనె ప్యాకెట్టు తేదీలు, ఊరిబిండి, టీ, పిల్లలు వదిలేసింది తిన్నది చూడండి. అవన్నీ సరిగ్గానే ఉంటే అప్పుడు 150 తగ్గించండి. ఇన్సులిన్ లేదా షుగరు మాత్రలు వాడేవాళ్లు తిండి తగ్గించేముందు డాక్టరుతో మందు మోతాదు మాట్లాడుకోవాలి. వణుకు, చెమటలు వచ్చి షుగరు 70 కంటే తగ్గితే వెంటనే మూడు స్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూసుకోండి. గర్భిణులు, తిండి తినాలంటేనే భయపడే స్థితికి వచ్చినవాళ్లు క్యాలరీలు లెక్కించడం మానేయాలి.

మూడు నెలలకు కంటి కొలత కుదురుతుంది. అక్కడి నుంచి నెలకు ఒక వారం మాత్రమే తూచి రాస్తే సరిపోతుంది.