బంగాళాఖాతంలో వాయుగుండం ఉంటే థొరాంగ్ లా ఎక్కొద్దు

దసరా, దీపావళి సెలవులకు నేపాల్లో అన్నపూర్ణ సర్క్యూట్ ట్రెక్‌కు బయల్దేరేవాళ్లు షూలు, జాకెట్ల మీద పెట్టే శ్రద్ధలో సగమైనా బంగాళాఖాతం మీద పెట్టండి.

రుతుపవనాలు వెనక్కి మళ్లాక అక్కడ ఆకాశం నిర్మలంగా ఉంటుందనే అందరూ అక్టోబరును ఎంచుకుంటారు. అది నిజమే. కానీ సరిగ్గా అప్పుడే మన తీరానికి తుఫాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను అతలాకుతలం చేసింది. 'తీరం దాటి బలహీనపడింది' అనగానే వార్తల్లో తుఫాను కథ ముగిసిపోతుంది. అది మాత్రం ఛత్తీస్‌గఢ్, తూర్పు యూపీ మీదుగా తేమ మోసుకుపోయి, 14న హిమాలయాల్లో మంచుగా కురిసింది. ఈ ట్రెక్‌లో దాటాల్సిన 5,416 మీటర్ల థొరాంగ్ లా కనుమ దగ్గర గంటల్లోనే మీటరుకు పైగా పేరుకుంది. ఆ మంచు తుఫానుకు, విరిగిపడిన మంచు చరియలకు అన్నపూర్ణ, ధౌలగిరి ప్రాంతాల్లో 40 మందికి పైగా చనిపోయారు. 1995 నవంబరులోనూ ఇంతే: బంగాళాఖాతంలో తుఫాను, ఎవరెస్ట్ దగ్గరి గోక్యో లోయలో మంచు చరియల కింద ఇరవై మందికి పైగా మృతి.

విశాఖకు, థొరాంగ్ లాకు మధ్య రెండు రోజుల వ్యవధి ఉంది. కిందే ఆగిపోవడానికి ఆ రెండు రోజులు చాలు, ముందే తెలిస్తే.

అందుకే కనుమకు ముందు వచ్చే మనాంగ్ ఊరు చేరాక, ఫోన్ పనిచేసే చోటల్లా మన వాతావరణ శాఖ తుఫాను బులెటిన్ చూడండి. అల్పపీడనం అని ఉంటే రోజూ ఫాలో అవ్వండి. అది వాయుగుండమై, తీరం దాటాక ఉత్తరానికి తిరుగుతుందని చెబితే మనాంగ్ వదిలి పైకి పోవద్దు. పైన ఆకాశం ఎంత నీలంగా ఉన్నా సరే.

ఫోన్‌లో మామూలుగా కనిపించే వాతావరణం కింది ఊరిది, కనుమది కాదు. విండీ యాప్‌లో ఎత్తును 5,500 మీటర్లకు మార్చి గాలి చూడండి. అందులో యూరోపియన్, అమెరికన్ వాతావరణ అంచనాల మోడళ్లు రెండూ చూసి, ఏది చెడ్డగా చెబితే దాన్నే నమ్మండి. మైనస్ 10 డిగ్రీల చలికి గంటకు 50 కిలోమీటర్ల గాలి తోడైతే ఒంటికి మైనస్ 22లా తగులుతుంది. పొద్దెక్కేకొద్దీ కనుమలో గాలి పెరుగుతుంది కాబట్టే తెల్లవారకముందే బయల్దేరతారు.

నెట్ లేని చోట ఆల్టీమీటర్ వాచీ (గాలి పీడనాన్ని బట్టి ఎత్తు చూపించేది) పనికొస్తుంది. రాత్రి పడుకునే ముందు ఎత్తు ఎంత చూపిస్తోందో రాసి పెట్టుకోండి. పొద్దున అదే మంచం మీద లేచి చూస్తే నలభై, యాభై మీటర్లు ఎక్కువ చూపిస్తోందా? మీరు ఎక్కలేదు, గాలి పీడనం పడిపోయింది, అంటే వాతావరణం చెడేలా ఉంది. ఆ రోజు కదలొద్దు.

ఎక్కుతుండగా మంచు మొదలైతే వచ్చిన దారినే వెనక్కి దిగండి. 'ముక్తినాథ్ ఇంకెంత దూరం' అని ముందుకు పోవడమే ప్రమాదం. ఆ పుణ్యక్షేత్రం చేరాలంటే కనుమ అవతలివైపు 1,600 మీటర్లకు పైగా దిగాలి. తెల్లటి పొగలా అంతా కమ్మేసినప్పుడు గుర్తు పట్టడానికి ఏమీ ఉండదు. తోటివాళ్లలో ఎవరికైనా మాట ముద్దగా వస్తున్నా, వణికీ వణికీ ఒక్కసారిగా వణుకు ఆగిపోయినా అది కుదుటపడటం కాదు, ఒళ్లు చల్లబడిపోవడం. వెంటనే గాలి తగలని చోట కూర్చోబెట్టి, తడి బట్టలు మార్చి వెచ్చగా కప్పండి.

మంచు ఆగి ఎండ కాసిందని మర్నాడే బయల్దేరొద్దు. కొత్తగా పేరుకున్న మంచు వాలు నుంచి జారే భయం అప్పుడే ఎక్కువ. ఒకటి రెండు రోజులు ఆగి, దారి తెరిచారని స్థానికులు చెప్పాకే కదలండి. ఖాట్మండు నుంచి తిరుగు టికెట్‌కు ముందు కనీసం రెండు మూడు రోజులు ఖాళీ ఉంచుకోండి. లేదంటే ఆ టికెట్ టెన్షనే మిమ్మల్ని పైకి తోస్తుంది. గైడ్ వద్దంటే బతిమాలొద్దు, ఎక్కువ డబ్బు ఆశ అసలే చూపొద్దు.

ముక్తినాథుడి దర్శనమే ముఖ్యమైతే కనుమ దాటనక్కర్లేదు. మనాంగ్ నుంచి జీపులో బేసిశహర్ దిగి, పోఖరా వెళ్లి, అక్కడి నుంచి జోమ్‌సోమ్ రోడ్డు పట్టుకోవచ్చు. ఆ లోయల్లో కొండచరియలు పడతాయి కాబట్టి వాన పూర్తిగా తగ్గాకే బండి ఎక్కండి.