బెత్తం లేకుండా క్లాసు నడపాలంటే మొదట ఏం చెయ్యాలి

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం వైపు బళ్ళలో పనిచేసేవాళ్ళకి ఇది బాగా తెలుసు, ఒకే క్లాసులో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు, ఒడియా మాట్లాడేవాళ్ళు, కొండల మీంచి వచ్చే సవర పిల్లలు అందరూ కలిసి కూచుంటారు. మనం ఒడియాలో ఒక మాట చెప్తాం, కొందరికి అర్థం కాదు, వాళ్ళని పట్టుకుని మాట వినరు అనేస్తాం. నేను కూడా చాలా ఏళ్ళు అలాగే అన్నాను, అది తల్చుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

కొట్టకుండా పిల్లలకి మంచి నడవడి నేర్పే పాజిటివ్ బిహేవియర్ సపోర్ట్ అనే పద్ధతి అమెరికాలో ఒరెగాన్ యూనివర్సిటీలో జార్జ్ సుగాయ్, రాబ్ హార్నర్ లాంటి పరిశోధకులు బళ్ళ కోసం అభివృద్ధి చేసింది. అసలు విషయం చిన్నదే. ఎక్కాలు రాకపోతే నేర్పుతాం కదా, లైన్లో నిలబడడం రాకపోతే మాత్రం ఎందుకు కొడతాం, అదీ నేర్పాల్సిందే. ఎలాగూ 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం పిల్లల్ని కొట్టకూడదు, మాటలతో హింసించకూడదు కూడా.

ముందు మిగతా టీచర్లతో కూచోండి. పది మందిలో ఎనిమిది మందైనా సరే అంటేనే బడి మొత్తం మొదలుపెట్టాలి అంటారు, ఒప్పుకోకపోతే గొడవపడకండి, మీ క్లాసులో మొదలుపెట్టెయ్యండి.

తర్వాత పిల్లలు ఎలా ఉండాలో చెప్పే మూడు మాటలు ఎంచుకోండి, అయిదు దాటొద్దు. జాగ్రత్త, గౌరవం, బాధ్యత చాలు. "అల్లరి చెయ్యొద్దు" అని రాస్తే ఏం చెయ్యాలో పిల్లాడికి తెలీదు, అందుకే ఒక్కో చోట ఏం చెయ్యాలో చెప్పండి. బోరింగు దగ్గర జాగ్రత్త అంటే ఒకడు బోరింగు కొడుతుంటే ఇంకొకడు నీళ్ళు పట్టుకోవడం, మిగతావాళ్ళు గీత వెనక ఆగడం. భోజనం దగ్గర బాధ్యత అంటే తిన్న కంచం కడిగి బోర్లించడం.

ఇప్పుడు అసలు పని, గోడకి చార్టు అంటించి వదిలెయ్యకూడదు. పిల్లల్ని బోరింగు దగ్గరికే తీసుకెళ్ళి, సుద్దతో గీత గీసి, ముందు మీరే నిలబడి చూపించండి, తోసుకుంటే ఎలా ఉంటుందో కూడా మీరే చూపించండి, పిల్లలచేత మాత్రం మంచి పద్ధతే చేయించాలి. సవర వచ్చిన పెద్ద పిల్లచేత వాళ్ళ భాషలో చెప్పించండి, ఆ పిల్ల మొహం ఎంత వెలిగిపోతుందో చూస్తారు. మొదటి వారం రోజూ చెయ్యండి, దసరా సెలవుల తర్వాత మళ్ళీ చెయ్యాలి, మర్చిపోతారు కదా.

మెచ్చుకోవడం ఒక్క "గుడ్"తో ఆపకండి, "చెల్లికి ముందు నీళ్ళు పట్టనిచ్చావు, బాగుంది" అని చేసిన పని చెప్పండి. ఒక్కసారి సరిదిద్దితే నాలుగుసార్లైనా మెచ్చుకోవాలి. స్టార్లు పెడితే పెట్టండి గానీ ఒకసారి ఇచ్చింది కోపంలో చెరిపెయ్యకండి.

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. గొడవ ఎప్పుడు, ఎక్కడ, దానికి ముందు ఏం జరిగింది, తర్వాత పిల్లాడికి ఏం దక్కింది, ఈ నాలుగూ రాయండి. నా క్లాసులో ఒక తెలుగు అబ్బాయి ఒడియా పాఠం చదవమన్నప్పుడల్లా పక్కవాడి పుస్తకం లాగేవాడు, నేను బయటికి పంపేవాణ్ణి. రెండు వారాలు రాసి చూస్తే తెలిసింది, వాడికి కావాల్సింది బయటికి పోవడమే, చదవడం రాక సిగ్గుపడుతున్నాడు, నేనేమో రోజూ వాడు కోరిందే ఇస్తున్నాను. అప్పట్నుంచి పాఠం ముందురోజే వాడికి విడిగా రెండు లైన్లు చదివించి, క్లాసులో ఆ రెండు లైన్లే అడిగాను. పుస్తకం లాగడం మెల్లగా తగ్గింది.

అందరికీ ఇంత అక్కర్లేదు. సుమారు 80 శాతం మందికి నేర్పి మెచ్చుకుంటే సరిపోతుంది, ఓ 15 శాతానికి చిన్న గ్రూపులో సాయం కావాలి, మిగిలిన ఆ ఒకరిద్దరికే ఇలా విడిగా ప్లాన్ వెయ్యాలి. వాళ్ళ అమ్మానాన్నల్ని పిలిచినప్పుడు మొదట ఆ వారంలో పిల్లాడు చేసిన మంచి పని ఒకటి చెప్పి, అప్పుడు నోట్‌బుక్ తియ్యండి.